రెండు రేవులు

ఆ పాత డబ్బాను నోల్సోయ్ దీవికి మోసుకొచ్చింది నేనే.
తొమ్మిదేళ్ళ కిందట, మార్చి నెల.
గొర్రె ఉన్ని దుప్పట్లో చుట్టి
ఫెర్రీ డెక్కు మీద తడవకుండా నా వీపు అడ్డం పెట్టాను.
మానిటర్‌కి ఇంకో విడత.
రన్వా ఇంటి మెట్లు పద్నాలుగు,
నా మోకాళ్ళకి ఇంకా గుర్తే.

అవతల టోర్షావ్న్ ఆఫీసులో దాని అన్న ఒకటుండేది.
మధ్యన ఇరవై నిమిషాల నీళ్ళు.
చేపల కంపెనీల పద్దులు రాసే మనిషికి
కావలసిన లెక్క
తానున్న ఒడ్డున ఏనాడూ ఉండదు.
తుఫాను పట్టి ఫెర్రీ ఆగిందంటే
చేతులు దులుపుకుని
"సముద్రం సెలవిచ్చింది హానుస్" అంటూ
నా గడప తొక్కేది.
నేనప్పటికే చదరంగం బల్ల తుడిచి ఉంచేవాణ్ణి.

ఇప్పుడున్నది ఒక్కటే. కిలో తూగదు.
నమ్మకం కుదరక మా వంటింటి త్రాసులో పెట్టి చూశాను.
తొమ్మిదివందల డెబ్బై గ్రాములు.
ఓ మాదిరి కాడ్ చేప తలకాయ అంతకన్నా బరువు.
ఒడ్డుకొకటి చొప్పున రెండు నల్లటి ఇటుకలు కొంది,
డాకింగ్ స్టేషన్లట.
అంటే రేవే కదా, అన్నాను.
రేవే, అంది.

ముప్పై రెండేళ్ళు తాడు విసిరి ఫెర్రీని కట్టినవాణ్ణి.
రేవు సంగతి నాకు ఒకరు చెప్పాలా!
నాకు నాలుగు తాళ్ళు కావాలి,
పడమటి గాలైతే అయిదు.
ఆమె ఒక్క తీగ గుచ్చుతుంది.
రెండు పెద్ద తెరలు కళ్ళు తెరుస్తాయి,
కీబోర్డు, ప్రింటరు, ఇంటర్నెట్టు,
కరెంటు కూడా ఆ తీగలోంచే.
సామానంతా ఒకే ముడితో దిగిపోతుంది.
ఒప్పుకోవాలి, అసూయ పడ్డాను.

పిల్లి మాత్రం ఒప్పుకోలేదు.
పాత డబ్బా వెనక వెచ్చటి గాలికి పడుకునేది,
వారం రోజులు బల్ల కిందంతా వెతికింది.
ఇప్పుడా నల్ల ఇటుక మీద ఒక్క పాదం ఆనించి నిద్రపోతుంది.
అంతకు మించి చోటు లేదు.

మొదట్లో రన్వాకీ అలవాటు కాలేదు.
ఒకనాడు ఫెర్రీలోంచి ఫోను,
"మే నెల పద్దు ఇంట్లోనే వదిలేశాను, చూడవూ" అని.
చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికిన సామెత.
పద్దు ఆమె సంచిలోనే ఉంది,
టోపీకీ రొట్టెకీ నడుమ.

నవంబరులో మూడు రోజులు ఫెర్రీ లేదు.
మొదటి రోజు బల్ల తుడిచాను.
రెండో రోజూ తుడిచాను.
కొండ మీద ఆమె కిటికీలో
రెండు నీలి చదరాలు, రాత్రి దాకా.
సముద్రం సెలవిచ్చింది.
ఈమె పుచ్చుకోలేదు.

మూడో రోజు నేనే పద్నాలుగు మెట్లెక్కాను,
చంకలో రెండు కిలోల చెక్క బల్ల.
రన్వా వెనక్కి చూడకుండా ఒక వేలెత్తింది.
ఒక్క నిమిషం.
నిలబడ్డాను.
కోటు మీది నీళ్ళు నేల మీద మడుగు కట్టాయి.
నా చూపు ఆ తీగ మీదే.
కట్టడం వచ్చిన చేతికి విప్పడమూ వచ్చు,
చెయ్యి జేబులోంచి సగం బయటికొచ్చింది కూడా.
కానీ కెప్టెన్ చెప్పకుండా తాడు విప్పిన పాపం
ఇన్నేళ్ళలో ఎరగను.
మళ్ళీ జేబులో దాచుకున్నాను.

ఆమె మడుగును చూసింది. బల్లను చూసింది.
తీగ పీకేసింది.

తెరలు రెండూ సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదు అని
కాసేపు గొణిగి చీకటైపోయాయి.
ఆ కిలో తక్కువ వస్తువును మూత వేసి
రొట్టెల అరలో పెట్టింది.
పావులు పేర్చాను.

అది నిద్రపోలేదు. అంచున తెల్లటి చుక్క
వెలుగుతూ, ఆరుతూ,
ఆమె చూపు మాటిమాటికీ అటే.
పదహారో ఎత్తులో ఏనుగును పోగొట్టుకుంది,
నా బంటు దారిలో ఊరికే నిలబెట్టి.

ఏమీ అనకుండా ఏనుగును తిరిగి దాని గడిలో పెట్టాను.
గాలి ఇంకా పడమరే.